గున్నమ్మ బండి ఎటు వెళ్ళింది

దుమ్ము నెల 2, సోమవారం

ఏడింటికి రికార్డు గది తెరిచాను. లోపల గాలి బాగుంది. బయట దుమ్ము మామూలే.

రోజూ ఏదో ఒకటి రాయాలని ఈ గది నియమం. పదకొండేళ్ళ నుంచి నేను రాసినదాంట్లో సగం దుమ్ము గురించే. ఈ ఎర్రనేల మీద గుమస్తాకి అంతకన్నా వార్తలు దొరకవు. ఇవాళ మాత్రం దొరికింది.

సౌర పలకల మీద దుమ్ము దులిపి వచ్చేసరికి గుమ్మంలో మా వీధి గున్నమ్మ పెద్దమ్మ నిలబడి ఉంది. డెబ్భై నాలుగేళ్ళు. గుమ్మటంలో గాలి వడపోతకి వాడే సంచులు కుడుతుంది. కుడికాలు ఇనప కాలు. ఆవిడ నడుస్తుంటే వీధి చివరి దాకా టక్కు టక్కుమని వినిపిస్తుంది.

"ఒరే బానోజీ, దీన్లో ఏటి రాసుందో సదువు. అక్షరాలు సీమల్లా ఉన్నాయి" అని ఒక నోటీసు చేతిలో పెట్టింది.

చదివాను. మంచు యుద్ధంలో సైనికులకి పెట్టిన ఇనప కాళ్ళూ చేతులూ అన్నీ ఈ నెల ముప్పైన ఆపేస్తారట. వాటిలో గాలి తలుపులు తెరిచే పాత సంకేతాలున్నాయి. పోయిన నెల మూడో గుమ్మటంలో ఎవరో అటక మీద పెట్టిన తాతగారి కాలు దానంతటది మేలుకుని కోళ్ళ షెడ్డు తలుపు తీసేసింది. రెండు నిమిషాల్లో మూసేశారు కానీ, కోళ్ళు మూడు రోజులు గుడ్లు పెట్టలేదు.

"సర్వీసు రికార్డు చూపిస్తే అక్కడికక్కడే కొత్త కాలు పెడతారు పెద్దమ్మా."

"సూపించకపోతే?"

"ఇది తీసేసుకుంటారు. మామూలు కాలు కోసం వరసలో నిలబడాలి."

"ఎన్నాళ్ళు?"

"నాలుగేళ్ళు."

పెద్దమ్మ నవ్వింది. "ఒంటికాలి మీద నిలబడి తపస్సు సెయ్యాల. వరం ఇస్తే తీసుకోడానికి నానుండాలి కదా."

"మీరు యుద్ధంలో బండి నడిపారని అందరికీ తెలుసు. కార్డు ఇక్కడే ఉంటుంది, నేను తీస్తాను" అన్నాను. ఆవిడ సంతోషపడుతుందనుకున్నాను. నోటీసు నా చేతిలోంచి లాక్కుని టక్కు టక్కుమంటూ వెళ్ళిపోయింది.

దుమ్ము నెల 3, మంగళవారం

యుద్ధం జరిగి యాభై రెండేళ్ళు (భూమి లెక్కలో). మా లోయూరికీ పైన గట్టూరికీ మధ్య ఉన్న మంచుగడ్డ ఎవరిదని కొట్టుకున్నారు. చివరికి సగం సగం పంచుకున్నారు. కాబట్టి రెండు ఊళ్ళూ గెలిచాయి, రెండు ఊళ్ళలోనూ విజయోత్సవాలు చేస్తారు. గున్నమ్మ పెద్దమ్మ ఒక్క ఉత్సవానికీ వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఆ రోజు తలుపేసుకుని సంచులు కుట్టుకునేది.

యుద్ధానికి వెళ్ళినవాళ్ళవి మొత్తం మూడువేల నూట పన్నెండు పేర్లు. గున్నమ్మ అని వెతికాను, గునమ్మ అని వెతికాను, రాసినవాడు మరీ చదువుకున్నవాడేమోనని గుణమ్మ అని కూడా వెతికాను. యంత్రం లేదంది. మధ్యాహ్నం గోంగూర పచ్చడీ అన్నం తినేసి, అట్టపెట్టెలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాను.

దుమ్ము నెల 5, గురువారం

దొరికింది. నలభై ఒకటో పెట్టెలో ఉంది. దొరక్కపోయినా బాగుండేది.

"గున్నమ్మ. వయసు 22. గాయపడినవారి బండి డ్రైవరు, పదిహేడో దళం. నల్లమలుపు దగ్గర బండితో సహా శత్రువు వైపు పారిపోయినది. దూరం నుంచి చూసిన సాక్షులు ఇద్దరు."

కింద ఎర్ర ముద్ర. ఎర్ర ముద్ర పడిన కార్డులు వేరే పెట్టెలో పెడతారు, యంత్రంలో ఎక్కించరు. పారిపోయినవాళ్ళకి కొత్త కాలు ఇవ్వరన్నది నోటీసు వెనకపేజీలోనే ఉంది.

చిన్నప్పుడు నాకు గుమ్మటం బయటికెళ్ళే సూటు వేసుకోవడం నేర్పింది ఆ పెద్దమ్మే. మా నాన్న పంపు గదిలో చిక్కుకుంటే అందరికన్నా ముందు పరిగెత్తింది, ఆ కాలితోనే. కార్డు మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే ఉంది.

దుమ్ము నెల 6, శుక్రవారం

సంచులు కుడుతుండగా వెళ్ళి చెప్పాను. కార్డు చదివి వినిపించాను. ఎవరో తప్పు రాశారనీ, సరిచేయిస్తాననీ అన్నాను.

సూదిలో దారం ఎక్కించడం అయ్యేదాకా ఆవిడ తలెత్తలేదు.

"తప్పేటి రాసినారు? అటే నడిపినాను కదా."

"ఎటు?"

"గట్టూరు వైపు." దారం కొరికింది. "వొదిలీరా నాయినా. కాలు తీసుకుపోతే తీసుకుపోనీ. కుట్టేది సేతుల్తోనే కదా."

వదిలేద్దామనే ఇంటికి వచ్చాను. రెండు ముద్దలు తిన్నాక వదలబుద్ధి కాలేదు.

దుమ్ము నెల 9, సోమవారం

పరికరాల తనిఖీ అధికారి జగ్గారావు గారు వీధికి వచ్చారు. సన్నటి మనిషి, లావుపాటి పుస్తకం. ఎవరి ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా తాగరు, నియమమట. పెద్దమ్మ కాలు మడమ దగ్గర మూత తీసి నంబరు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమండీ భానోజీ గారూ, ఇది మన కాలు కాదండీ."

"మన కాలు కాకపోవడమేమిటండీ?"

"మన నంబర్లు 'ల'తో మొదలవుతాయి. ఇది 'గ'. గట్టూరు సైన్యం కాలు." ఆయన గొంతు తగ్గించారు, పెద్దమ్మ ఎదురుగానే కూర్చుని ఉన్నా సరే. "శత్రు సైన్యం పరికరం ఊళ్ళో ఉందని తెలిశాక ముప్పై దాకా ఆగడానికి నాకు అధికారం లేదండీ. ఇరవైన వస్తాను. ఆలోగా ఈవిడ దగ్గరికి ఇది ఎలా వచ్చిందో కాగితం చూపించండి."

ఆయన వెళ్ళాక నేను కదల్లేదు. పెద్దమ్మ నన్ను కాసేపు చూసి, "నువ్వు లెగవు కదా" అంది.

"లేవను."

"అలగైతే ఇను."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నల్లమలుపు కాడ ఇద్దరిని ఎక్కించినాను. ఒకడు మన పోలినాయుడు, మన ఈదోడే, కడుపులో దెబ్బ. రెండోవోడు గట్టూరోడు. సూటు సిరిగిపోయి పడున్నాడు. మనోడు కాదని తెలిసే ఎక్కించినాను, అబద్ధం ఆడను. బండిలో గాలి సూస్తే ముగ్గురికీ నలభై నిమిషాలు. మన ఆస్పత్రికి గంటన్నర. వోళ్ళ ఆస్పత్రికి ఇరవయ్యైదు నిమిషాలు. తిప్పీసినాను."

"పోలినాయుడు గారు ఏమన్నారు?"

"వొద్దన్నాడు. 'ఎటు తిప్పుతున్నావే, వోళ్ళ సేతిలో పడను, సచ్చినా మనూళ్ళోనే సస్తాను' అని అరిసినాడు. నాను ఇనలేదు. తెల్లగుడ్డ కట్టినాను గానీ దుమ్ములో అది ఎవుడికి కనబడతాది? గేటు కాడ వోళ్ళు కాల్సీసినారు. బండి తిరగబడి నా కాలు కింద పడిపోనాది. మళ్ళీ తెలివొచ్చేసరికి పద్నాలుగు రోజులు. 'మీవోడు పోయినాడు' అన్నారు. ఎప్పుడు పోయినాడో అడగలేదు. అడగడానికి దైర్నం సాల్లేదు."

యుద్ధం ఆగాక కొత్త కాలితో ఇంటికి వచ్చిందట. వచ్చిన రోజే పోలినాయుడి తల్లి ఎదురైంది. "మా వోడిని ఎక్కడేనా సూసినావా అమ్మా?" అని అడిగింది.

"లేదన్నాను. అంతే. ఆ ముసిలామె మరి ఇరవై ఏళ్ళు బతికింది, ఈ ఎదురింట్లోనే. రోజూ తలుపు తీసేసరికి కనబడేది. కూర వొండితే పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఆ ఒక్కమాట మాత్రం సెప్పలేకపోనాను. అందుకే నానెవుల్నీ కాయితం అడగలేదురా."

దుమ్ము నెల 12, గురువారం

గట్టూరితో చింతపండు కొంటాం, వేరుశనగలు కొంటాం, పెళ్ళిసంబంధాలు కూడా నాలుగైదు కలిశాయి. కాగితాలు మాత్రం యాభై రెండేళ్ళలో ఒక్కటి కూడా అటూ ఇటూ వెళ్ళలేదు. సరుకుల ఫోను వారానికొక్కసారి, గురువారం గంటసేపు తెరుస్తారు. వరసలో చింతపండు వ్యాపారి వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఆరు నిమిషాలు మిగిలాయి.

"గట్టూరు రికార్డు గది ఇవ్వండి" అంటే అవతల వాళ్ళు కాసేపు వెతుక్కున్నారు. చివరికి ఒక ఆడగొంతు పలికింది.

"ఎవరప్పా? ఈ ఫోను మోగుతాదని నాకే తెల్దు."

"లోయూరు రికార్డు గదండీ. నా పేరు భానోజీ."

"లోయూరా! నేను వన్నూరమ్మ. మీ తట్టు దుమ్ము ఎట్లుండాది?"

రికార్డు గదుల వాళ్ళు ఎక్కడున్నా ఒకటే. దుమ్ముతో ఒక నిమిషం పోయింది. కాలి నంబరు చెప్పాను, తేదీ చెప్పాను, గేటు దగ్గర తిరగబడిన బండి గురించి చెప్పాను.

"యుద్ధం నాటి ఆస్పత్రి రిజిస్టర్లు కింద అరలో ఉండాయి సార్. నేను వచ్చినాంక ఎవరూ తెరవలా. వచ్చే గురువారానికి చూసి చెప్తా."

"ఆ మర్నాడే మా వాళ్ళు కాలు తీసుకుపోతారండీ."

"తీసుకునేకి అదేమన్నా వాళ్ళబ్బ కాలా?" అంది వన్నూరమ్మ. లైను తెగింది.

దుమ్ము నెల 17, మంగళవారం

తుపాను. పలకలు కనబడటం లేదు. పక్కనున్న గుమ్మటమే కనబడటం లేదు. ఫోను స్తంభం ఊగుతోందని కబురు. వడపోత సంచులు గంటకోసారి మార్చాలి, అందుకని పెద్దమ్మకి ఊపిరి తీసుకునే తీరిక లేదు. సంచులు మోయడానికి వెళితే, "ఆ ఆడమనిషి ఏటంది?" అని అడిగింది. వదిలేయమన్న మనిషి అడగడం ఇదే మొదటిసారి.

"చూస్తానంది."

"ఊ" అని మళ్ళీ కుట్టుకుంది.

దుమ్ము నెల 19, గురువారం

తుపాను తగ్గలేదు. ఫోను స్తంభం పళ్ళెంలో దుమ్ము నిండిపోయిందని, సూటు వేసుకుని నేనూ చింతపండు వ్యాపారీ ఎక్కి దులిపాం. ఆయన తన గంటలో సగం నాకిచ్చాడు. విషయం విన్నాడు కాబట్టి. "చింతపండు ఎక్కడికీ పోదు లెండి" అన్నాడు.

పెద్దమ్మని కూడా తీసుకొచ్చాను. ఫోను అందరికీ వినబడేలా పెట్టాను.

"దొరికిండాది సార్" అంది వన్నూరమ్మ. గరగరల మధ్య కూడా గొంతులో ఉత్సాహం వినిపించింది. "నాలుగు పేజీలు. చదువుతా వినండి. 'లోయూరు బండి, గేటు దగ్గర తిరగబడినది. లోపల ముగ్గురు. డ్రైవరు ఆడమనిషి, కుడికాలు మోకాలి కింద తీసేసినాము. సైన్యం నిల్వలోంచి కాలు ఒకటి ఇవ్వడమైనది.' కింద డాక్టరమ్మ సంతకం, మాబున్నీ అని. ఎవరో పెద్దాయన అభ్యంతరం రాసినాడు, శత్రువుకి మన కాలు ఎందుకని. దాని కింద డాక్టరమ్మ ఏం రాసిందో చూడండి: 'మా కాపలావాళ్ళు కాల్చినందుకు పోయిన కాలు. మేమే ఇయ్యాల.'"

పెద్దమ్మ తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"రెండో మనిషి మా సుంకన్న. బతికినాడు. ఇప్పుడు అయిదో గుమ్మటంలో వేరుశనగ పండిస్తా ఉండాడు. మూడో మనిషి..." కాగితం తిప్పిన చప్పుడు. "పోలన్న అని రాసుండాది."

"పోలినాయుడు" అంది పెద్దమ్మ.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"బండి నడిపినదాన్ని."

అవతల కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడు. తర్వాత వన్నూరమ్మ నెమ్మదిగా చదివింది. "'రెండుసార్లు కోసి కుట్టినాము. పదకొండు రోజులు బతికినాడు.'"

"ఎన్ని?"

"పదకొండు రోజులమ్మా. నర్సు రోజూ రాసింది. 'బొరుగుల ఉగ్గాని రెండోసారి అడిగినాడు, కడుపు కుట్లున్నాయని ఇవ్వలేదు, కోప్పడినాడు.' 'బండి నడిపిన ఆమె లేచిందా అని ఉదయం అడిగినాడు, సాయంత్రం అడిగినాడు.' 'ఆమె లేచినాక బాగా తిట్టాలంట, అందాకా ఎట్లయినా ఉంటాడంట.' తొమ్మిదో రోజు: 'చక్రాల కుర్చీలో ఆమె మంచం దగ్గరికి తీసుకుపోతిమి. గంటసేపు కూర్చున్నాడు. ఏమీ తిట్టలేదు. దుప్పటి సరిచేసినాడు.'"

ఫోను గదిలో ఉన్నది ముగ్గురమే. చింతపండు వ్యాపారి గోడవైపు తిరిగిపోయాడు.

పెద్దమ్మ మొహంలో నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో నేను చెప్పలేను. "తిట్టడానికని వొచ్చి కూకున్నాడా ఎదవ" అంది. "గంటసేపు. నాను లెగలేదు."

దుమ్ము నెల 20, శుక్రవారం

నిన్న ఫోను మూసేలోపే వన్నూరమ్మ ఆ నాలుగు పేజీల నకళ్ళూ లైనులోనే పంపింది. చివర ఆమె సొంతంగా ఒక ముక్క చేర్చింది: "ఈ కాలు మేము శాశ్వతంగా ఇచ్చినది. పాతబడితే మార్చే బాధ్యత మాది. ఆమెను పంపించండి."

జగ్గారావు గారు చెప్పిన టైముకి వచ్చారు. అంతా చదివారు. కాలి సంగతి తేలిపోయిందన్నారు. కానీ ఎర్ర ముద్ర ఉన్నవాళ్ళు ఊరు దాటడానికి అనుమతి లేదు. మరి కాలు మార్చుకోవడానికి గట్టూరు వెళ్ళేదెలా?

"పారిపోలేదు కదండీ. గాయపడినవాళ్ళని తీసుకెళ్ళింది" అన్నాను.

"తీసుకెళ్ళింది ఎక్కడికండీ? శత్రువుల ఆసుపత్రికి. ఈ ముద్ర నేను కొట్టేయాలంటే నాకొక ఆధారం కావాలి." ఆయన నిజంగానే బాధపడుతున్నారు. కాసేపు పెన్నుతో పుస్తకం మీద కొట్టుకుని, ఉన్నట్టుండి ఆపారు. "గాయపడినవాళ్ళని ఫలానా ఆసుపత్రికే చేర్చాలని ఆ డ్రైవర్లకి ఉత్తర్వు ఏమన్నా ఇచ్చారా?"

ఇద్దరం పెట్టెలు దించాం. ఆయన కోటు విప్పి చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చున్నారు. మూడు గంటలు పట్టింది. పదిహేడో దళం ఉత్తర్వుల కట్టలో, ఆరో కాగితం:

"గాయపడినవారిని అతి దగ్గరలోని ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. ఆలస్యం చేసిన డ్రైవరుపై చర్య తీసుకొనబడును."

ఎవరి ఆసుపత్రి అని లేదు. రాసినాయనకి ఆ అనుమానమే వచ్చుండదు.

జగ్గారావు గారు దాన్ని రెండుసార్లు చదివి, వేలితో 'అతి దగ్గరలోని' అన్న మాట మీద తట్టారు. "ఈవిడ ఉత్తర్వు పాటించిందండీ. అక్షరం తప్పకుండా పాటించింది" అన్నారు. ఎర్ర ముద్ర మీద అడ్డంగా గీసి, సంతకం చేసి, తేదీ వేశారు. ఆ తర్వాత మంచినీళ్ళు అడిగారు. రెండు గ్లాసులు తాగారు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి పెద్దమ్మకి చెప్పాను.

"ఆ కాయితం మాకు సదివి ఇనిపించినార్రా" అంది. "నాను తిప్పినప్పుడు ఆ కాయితం గుర్తులేదు. గాలి ముల్లు ఒక్కటే సూసినాను."

ఆ మాట నేను జగ్గారావు గారికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ జరిగింది రాయాలి.

దుమ్ము నెల 27, శుక్రవారం (గట్టూరు)

సరుకుతో నెమ్మదిగా పాకే చింతపండు బండిలో అయిదు గంటల ప్రయాణం. పెద్దమ్మ డ్రైవరు పక్కన కూర్చుని దారి పొడుగునా అతనికి నడపడం నేర్పింది. అతనికి ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది, పాపం. నల్లమలుపు దగ్గర మాత్రం కిటికీ వైపు తిరిగిపోయింది.

గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. వన్నూరమ్మ నేను అనుకున్నదానికన్నా పొట్టిది, గొంతుకి సరిపోయే మనిషి కాదు. పక్కన డెబ్భై దాటిన పెద్దాయన, చేతిలో వేరుశనగల సంచి. పెద్దమ్మ దిగగానే ఆయన సంచి ముందుకు చాచాడు. ఏం మాట్లాడాలో వారం రోజులు ఆలోచించుకుని ఉంటాడు.

"బాగున్నావా?" అంది పెద్దమ్మ.

"బాగుండానమ్మా" అన్నాడు సుంకన్న. "ముగ్గురు బిడ్డలు."

"మంచిది. సంచి బరువుగుంది, నువ్వే పట్టుకో."

కొత్త కాలు పెట్టడం గంటలో అయిపోయింది. చప్పుడు చెయ్యదు. పెద్దమ్మకి అది నచ్చలేదు, మనిషి వస్తున్నట్టు ఎదటివాళ్ళకి తెలియొద్దా అని అడిగింది. తర్వాత వన్నూరమ్మ మమ్మల్ని చిన్న గుమ్మటంలోకి తీసుకెళ్ళింది. గట్టూరులో పోయినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. చివరి వరసలో ఒక రాయి: "పోలన్న. లోయూరు." చుట్టూ శుభ్రంగా ఉంది. ఎవరు చేస్తున్నారో అడగక్కర్లేకుండా సుంకన్న వంగి ఒక ఎండుటాకు తీసేశాడు.

పెద్దమ్మ రాయి ముందు కూర్చుంది. మేం దూరంగా జరిగాం. అయినా మొదటి మాటలు వినబడ్డాయి.

"పోలీ, మీ అమ్మ ఇరవై ఏళ్ళు బతికింది. నాను రోజూ సూసేదాన్ని. కడసారి జొరం మూడు రోజులే..." అక్కణ్ణుంచి గొంతు తగ్గిపోయింది. చాలాసేపు మాట్లాడింది. యాభై రెండేళ్ళ కబుర్లు కదా. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా.

తిరిగి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర వన్నూరమ్మ పుస్తకం తెరిచింది. వచ్చినవాళ్ళ పేర్లు రాయడం వాళ్ళ నియమం. పేరు రాసింది, ఊరు రాసింది. మూడో గడి దగ్గర పెన్ను ఆపి పెద్దమ్మ వైపు చూసింది.

"ఆయనకి మీరు ఏమవుతారని రాయల్లమ్మా?"

పెద్దమ్మ కొంచెం ఆలోచించింది.

"డ్రైవర్ని" అంది. "అలగే రాయి."